"పిక్డ్ అప్ ఇట్" ఎందుకు తప్పు?

"ఐ లుక్డ్ ఎట్ ఇట్" ఒప్పు, "ఐ పిక్డ్ అప్ ఇట్" తప్పు, రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ అని నిన్న ఒకరు అడిగారు. కింద ఎక్కువమంది "అదంతే, అలవాటు చేసుకోవాలి" అనేశారు. బళ్ళో నేనూ ఇదే రాసి ఎర్ర గీత పెట్టించుకున్నాను, అప్పుడూ కారణం చెప్పినవాళ్ళు లేరు. కానీ కారణం ఉంది, కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన క్రియలో మనిషి ఉంటాడు. చూశాను, చూశావు, చూశాడు, చూసింది... ఎవరు చూశారో చివర్లోనే తెలిసిపోతుంది కాబట్టి నేను, నువ్వు అని విడిగా చెప్పకపోయినా లోటుండదు. ఇంగ్లీషులో "లుక్డ్" ఎవరికైనా "లుక్డే". ఒకప్పుడు ఆ భాషలోనూ భూతకాల క్రియకి ఏకవచనం, బహువచనం తేడా ఉండేది, ప్రత్యయాలు అరిగిపోయి ఇప్పుడు "వాజ్, వర్" దగ్గర మాత్రమే మిగిలింది. అందుకే అక్కడ సర్వనామం తప్పనిసరి.

కర్మ దగ్గరా ఇంతే. మనం వాణ్ణి, వాడికి, వాడితో, వాడి కోసం అని విభక్తులు మారుస్తాం, వాళ్ళకి "హిమ్" ఒక్కటే, మిగతా పని ముందున్న ప్రిపొజిషన్ (టు, విత్, ఫర్ లాంటి చిన్నమాట) చేస్తుంది. "నాతో చెప్పాడు" అనే అలవాటుతో మనవాళ్ళు "టోల్డ్ టు మీ" అంటారు, అక్కడ "టోల్డ్ మీ" చాలు. "సెడ్"కి మాత్రం "టు" కావాలి, "సెడ్ టు మీ". ఇది ఏ క్రియకి ఆ క్రియ నేర్చుకోవాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. "ఎట్ ఇట్" అన్నప్పుడు "ఎట్" అనేది "ఇట్"కి చెందిన మాట, మన విభక్తి లాంటిదే, కాకపోతే ముందు వస్తుంది. "పిక్డ్ అప్"లో "అప్" క్రియ సొత్తు. మన "లేవనెత్తాడు"లో "లేవన్" ఎలాగో అలా. పెన్ను పెట్టి చూడండి: "పిక్డ్ అప్ ద పెన్", "పిక్డ్ ద పెన్ అప్" రెండూ చెల్లుతాయి. "లుక్డ్ ద పెన్ ఎట్" అని ఎవరూ అనరు. అంటే "అప్" కదులుతుంది, "ఎట్" కదలదు. కదిలే మాట ఉన్నచోట సర్వనామం మధ్యలోకే పోవాలి: పిక్డ్ ఇట్ అప్, కాల్డ్ ఇట్ ఆఫ్, గేవ్ ఇట్ అప్.

మధ్యలోకే ఎందుకు? ఇంగ్లీషు వాక్యం చివరి చోటు మామూలుగా బరువైన మాటకి. "ఇట్" అంటే ముందే తెలిసిన వస్తువు, గొంతు దాని మీద ఆగదు. పైకి అనండి, "డ్" కాస్తా "ట్" అయిపోయి, మూడు మాటలూ కలిసి "పిక్టిటప్" అని వస్తుంది, ఊనిక "అప్" మీద పడుతుంది. నాకైతే ఈ ఒక్క ఉచ్చారణ పట్టుబడ్డాకే విషయం లోపలికి వెళ్ళింది.

ఒకే మాటలు రెండు రకాలుగానూ ఉండొచ్చు, అర్థమే మారిపోతుంది. "ద డాగ్ టర్న్డ్ ఆన్ హిమ్" అంటే కుక్క అతని మీద తిరగబడింది. "హీ టర్న్డ్ ఇట్ ఆన్" అంటే స్విచ్ వేశాడు. నిఘంటువులో మాట వెతికితే "లుక్డ్ ఇట్ అప్", గొట్టంలోంచి పైకి చూస్తే "లుక్డ్ అప్ ఇట్". ఇక్కడ సర్వనామం ఎక్కడుందన్నదే అర్థం చెబుతోంది, అందుకే దీన్ని "అదంతే" అని వదిలేయడం నాకు నచ్చదు.

కింద "మరి గాట్ ఓవర్ ఇట్ సంగతేంటండీ, పుస్తకాల్లో దాన్నీ ఫ్రేజల్ వెర్బ్ (చిన్నమాట తోడై వేరే అర్థమిచ్చే క్రియ) అనే చెప్పారు కదా" అని అడిగినవారికి: మంచి ప్రశ్న. పుస్తకాలు రెండు రకాల్నీ ఒకే పేరు కింద పడేస్తాయి, చిక్కంతా అక్కడే. పెన్ను పరీక్షే పెట్టండి. జబ్బు నుంచి కోలుకున్నాడు అనడానికి "గాట్ ఓవర్ ద ఇల్‌నెస్" అంటాం, "గాట్ ది ఇల్‌నెస్ ఓవర్" అనం. కాబట్టి "ఓవర్" కదలదు, "గాట్ ఓవర్ ఇట్" సరైనదే. "కేమ్ అక్రాస్ ఇట్" కూడా ఆ జట్టే. "పుట్ ఆఫ్" మీరే చేసి చూడండి, ఏ జట్టో ఇక్కడే రాయండి.