ఊరకుక్కలు దొడ్డిలో పడి గొర్రెలను చంపాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
అన్నలకు నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో చిన్న పల్లె. మొన్న తెల్లవారుజామున ఊరకుక్కలు దొడ్డిలో పడి తొమ్మిది గొర్రెలను, నాలుగు పిల్లలను చంపాయి. ఇంకో ఆరింటికి మెడ మీద, తొడల మీద గాట్లు ఉన్నాయి. చుట్టూ తుమ్మకంప వేసే ఉంది, కింద నుంచి దూరాయి. మాంసంలో గుళికల మందు కలిపి పారేయమని ఊళ్లో అంటున్నారు. కేసు అవుతుందా? రెండు రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

జవాబు:
తమ్ముడూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ముందు ఆ ఆరింటి సంగతి చూడు. చేతులకు గ్లౌజులు వేసుకుని గాట్లను సబ్బుతో, ధారగా నీళ్లు పోస్తూ పావుగంట కడుగు. పసుపు, కారం అద్దకు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. రేబిస్ టీకా వెంటనే మొదలుపెట్టాలి. మొదటి సూది వేసిన రోజు సున్నా అనుకుంటే 3, 7, 14, 28 రోజులకు మిగతావి. గాయం మానింది కదా అని మధ్యలో ఆపొద్దు. వాటిని మందలో కలపకు.

చచ్చినవాటిని కోసి అమ్మకు. పాతిపెట్టకముందే ఫోటోలు తీసి, పశువుల డాక్టరుతో పోస్టుమార్టం చేయించు. బీమా ఉంటే ఆ కాగితం, చెవి ట్యాగులు అడుగుతారు. తర్వాత లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చు. పైపైన పడేస్తే ఆ వాసనకే కుక్కలు మళ్లీ వస్తాయి.

మందు మాత్రం పెట్టకు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ఉంది. పైగా ఆ ముక్క ముందు తినేది నీ మంద కుక్కే కావచ్చు. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది. పంచాయతీకి అర్జీ రాసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకో. కోళ్ల దుకాణాల వ్యర్థాలు ఊరి బయట పారేస్తుంటే అదీ రాయి. నా అనుభవంలో కుక్కలు గుంపు కట్టేది అక్కడే.

ఇక దొడ్డి. కంప ఒక్కటీ చాలదు. ఆరడుగుల ఇనుప జాలి కట్టి, అడుగు లోతు భూమిలో పాతు, అంచున రాళ్లు పేర్చు. పిల్లలకు లోపల వేరే గది ఉండాలి. కుక్క ఒక్కటి దూరినా మంద బెదిరి ఓ మూలకు తోసుకుంటుంది, పిల్లలు ఊపిరాడక చస్తాయి. మా దొడ్డిలో కాటు పడకుండానే ఐదు అలా పోయాయి.

ప్రశ్న:
ఆ గుంపులో పక్క తోట కాపలా కుక్క కూడా ఉందన్నా. చూసినవాళ్లున్నారు.

జవాబు:
అయితే చూసినవాళ్ల మాట రాయించి, పెద్దల ముందు ఆ రైతును నష్టం అడుగు. ఇవ్వనంటే సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. ఆ కుక్కకు రేబిస్ టీకా వేయించారో లేదో ఈరోజే కనుక్కుని డాక్టరుకు చెప్పు.

ప్రశ్న వేసినవారు:
బండి వచ్చిందన్నా. ఆరింటికీ మొదటి సూది పడింది. జాలి కోసం రేపు పట్నం పోతున్నా.

జవాబు:
గాట్లు కడిగినప్పుడు నీ చేతికి చిన్న గీత ఉన్నా నువ్వూ ఆసుపత్రికి పో తమ్ముడూ, రేపటికి ఆపకు.