పదో తరగతిలో ప్రకృతి వరణం: “పురుగు మందుకు అలవాటు పడింది” అని రాసే పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ఉమ్మడి వరంగల్ జిల్లా

పదో తరగతికి అనువంశికత, పరిణామం పాఠం ఏటా చెబుతున్నాను. మెండల్ బఠానీ మొక్కల వరకు ఏ ఇబ్బందీ లేదు. 3:1 నిష్పత్తిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ప్రకృతి వరణం (పరిస్థితికి నప్పే లక్షణాలున్నవే ఎక్కువగా బతికి, ఎక్కువ సంతానాన్ని కనడం) దగ్గరకు వచ్చేసరికి మాత్రం, నిర్వచనాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లలే, కొత్త సందర్భం ఇచ్చి కారణం అడిగితే, బతుకులో సంపాదించుకున్న మార్పులు పిల్లలకు వస్తాయన్న లామార్క్ శిష్యుల్లా రాస్తారు. ఆర్జిత గుణాలు తరువాతి తరానికి సంక్రమించవని చెప్పడానికి, తరతరాలుగా చెవులు కుట్టిస్తున్నా ఏ పాపా కుట్టిన చెవులతో పుట్టదు కదా అంటాను. అందరూ నవ్వి ఒప్పుకుంటారు. ఆ తరువాత యూనిట్ పరీక్షలో, “పత్తి చేనులో కొన్నేళ్లుగా ఒకే మందు కొడుతుంటే పురుగులు చావడం లేదు, కారణం వివరించండి” అని ఇస్తే, దాదాపు తరగతి మొత్తం “పురుగులు మందుకు అలవాటు పడ్డాయి, బతకడం కోసం శక్తి పెంచుకున్నాయి, ఆ శక్తి వాటి పిల్లలకు వచ్చింది” అని రాసింది.

వీరిలో ఎక్కువమంది పత్తి రైతుల పిల్లలే. ఇంట్లో వినేదీ ఇదే వివరణ. పాఠానికి దొరికే పీరియడ్లు తక్కువ, ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని తప్ప చెప్పుకోదగిన సామగ్రి లేదు. ఈ అపోహను మొదట్లోనే పట్టుకునే పద్ధతి మీలో ఎవరైనా పాటిస్తుంటే దయచేసి వివరించగలరు. కోతి నుంచి మనిషి వస్తే ఇప్పుడున్న కోతులు ఎందుకు మారడం లేదన్న ప్రశ్న కూడా ఏటా తప్పకుండా వస్తుంది.

సమాధానం 1: సైన్స్ ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

మేడమ్, మీ పిల్లలు పత్తి రైతుల పిల్లలు కావడం మీకు పెద్ద వరం. పుస్తకాల్లో ఎప్పుడూ వచ్చే జిరాఫీ మెడ ఉదాహరణను పక్కన పెట్టి, పాఠమంతా పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు మీదే నడపమని నా సలహా. మా వైపు 1987లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులకు లొంగకుండా పోయి పత్తి రైతును ముంచిన సంగతి పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది గాని, పిల్లలకు తెలిసింది బీటీ పత్తి (బాక్టీరియా జన్యువు చేర్చడం వల్ల పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే పత్తి) కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. ఒక్క జన్యువు రకాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు గుజరాత్‌లో 2009 పంటలో బయటపడింది. తరువాత కొన్నేళ్లకే రెండు జన్యువుల రకం కూడా దాన్ని ఆపలేకపోయింది. ఇక్కడ పిల్లలను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 450 గ్రాముల బీటీ విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ విత్తనం విడిగా ఎందుకు ఇచ్చేవారు? చాలామంది ఇళ్లలో ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పారేసిన సంగతి వాళ్లకు తెలుసు, ఎందుకిచ్చారో మాత్రం తెలియదు.

జవాబు మీరు అంతకుముందే చెప్పిన మెండల్ పాఠంలో ఉంది. బీటీ విషాన్ని తట్టుకునే లక్షణం గులాబీ రంగు పురుగులో ప్రధానంగా అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వస్తేనే బయటపడేది. చేను చుట్టూ నాన్-బీటీ వరుసలు ఉంటే, విషానికి లొంగే పురుగులు అక్కడ వేల సంఖ్యలో బతికి రెక్కల పురుగులవుతాయి. బీటీ మొక్క మీద బతికి బయటపడిన ఏ ఒకటి రెండో వాటితోనే జతకడతాయి. పుట్టే పిల్లలన్నీ విషమయుగ్మజాలు, అంటే తట్టుకునే జన్యువు ఒక్కవైపు నుంచే అందినవి, బీటీ కాయ తింటే చచ్చేవే. నాన్-బీటీ వరుసలు లేకపోతే బతికి బయటపడినవి తమలో తామే జతకడతాయి, పిల్లలన్నీ తట్టుకునేవే అవుతాయి. ఈ రెండు సంకరణాలకూ చెకర్ బోర్డు (తల్లిదండ్రుల జన్యువుల కలయికలు చూపే గళ్ల పట్టిక) పిల్లల చేతే వేయించండి. ఏ ఒక్క పురుగూ తన జన్మలో మారలేదని, మారింది చేనులో తట్టుకునే వాటి వాటా మాత్రమేనని వాళ్ల చేతి లెక్కే వాళ్లకు చూపుతుంది.

సమయం మిగిలితే, శనగపచ్చ పురుగు బీటీకి అంత త్వరగా ఎందుకు ఎదురు తిరగలేదని అడిగి చూడండి. అది కంది, శనగ, మిరప, టమాటా కూడా తింటుంది కాబట్టి ఆ పంటలే దానికి నాన్-బీటీ వరుసల్లా పనిచేశాయి. గులాబీ రంగు పురుగుకు మన దగ్గర పత్తి తప్ప దాదాపు వేరే తిండి లేదు. పైగా పంటను ఫిబ్రవరి, మార్చి దాకా చేనులో ఉంచితే దానికి అదనపు తరాలు దొరుకుతాయి. అమెరికాలోని అరిజోనాలో రైతులు ఏళ్ల తరబడి నాన్-బీటీ పత్తి వరుసలు వేసే పద్ధతిని పాటించారు, ఆపైన సంతానోత్పత్తి లేని పురుగులను చేలపై వదిలారు. 2018 నాటికి ఆ దేశపు పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు లేదని ప్రకటించగలిగారు.

సమాధానం 2: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్

పై సమాధానం చాలా బాగుంది. అయితే పురుగుమందు ఉదాహరణ ఒక్కదానితో ఆగితే, మందే ఆ లక్షణాన్ని పుట్టించిందన్న భావన పిల్లల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. చెకర్ బోర్డు వేసిన పిల్లవాడు కూడా, మొదటి తట్టుకునే పురుగు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే “మందు వల్ల” అనే అంటాడు. ఆ భావనకు విరుగుడు 1952లో లెడర్‌బర్గ్ దంపతులు చేసిన ప్రయోగం. బాక్టీరియా సమూహాలు పెరిగిన పళ్లెం మీద మఖమలు గుడ్డను అద్ది, అదే గుడ్డను బాక్టీరియాను చంపే మందు కలిపిన వేరే పళ్లేల మీద అద్దారు. అన్ని పళ్లేల్లోనూ అవే స్థానాల్లో సమూహాలు బతికాయి. మొదటి పళ్లెంలో ఆ స్థానాల నుంచి తీసిన, మందు ముఖమే ఎరుగని బాక్టీరియా కూడా మందును తట్టుకున్నాయి. అంటే వైవిధ్యం ముందే ఉంది, మందు దాన్ని ఏరిందంతే. నల్లబల్ల మీద మూడు వృత్తాలు గీసి, రెండో వృత్తంలో చుక్కలు ఎక్కడ వస్తాయో ఊహించమంటే చాలు.

రెండో ఉదాహరణగా గలపాగోస్ దీవుల్లోని డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిని తీసుకోండి. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి ఫించ్ పక్షులను పట్టి, ముక్కులు కొలిచి, కాళ్లకు వలయాలు తొడిగి వదిలేవారు. 1977లో వానలు పడక మెత్తని చిన్న గింజలు అయిపోయాయి. మిగిలిన తిండిలో ముఖ్యమైనది పల్లేరు జాతి కాయ. మన చేలగట్ల మీద అరికాలికి గుచ్చుకునే పల్లేరుకు అది దగ్గరి చుట్టం. మధ్యరకం నేల ఫించ్‌లలో అధికభాగం చనిపోగా, లోతైన ముక్కు ఉన్నవి ఎక్కువగా మిగిలాయి. ఏ పక్షి ముక్కూ పెరగలేదు. సగటు మాత్రం సుమారు అర మిల్లీమీటరు పెరిగింది, తరువాత పుట్టిన పిల్లల్లోనూ ఆ తేడా కనిపించింది. 1983లో ఎల్‌నినో వానలు విరగబడి చిన్న గింజలు పుష్కలం కావడంతో, ఆ తరువాతి ఏళ్లలో చిన్న ముక్కుల పక్షులదే పైచేయి అయింది. పరిణామానికి గమ్యమంటూ ఉండదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఒక ఎండు పల్లేరు కాయ తెప్పించి, ముల్లు తీసే చిమటాతోనూ, కటింగ్ ప్లేయర్‌తోనూ పగలగొట్టి గింజ తీయమనండి. అర మిల్లీమీటరుకు అంత విలువ ఎందుకో వాళ్ల వేళ్లకే తెలుస్తుంది.

కోతి ప్రశ్నకు ఎక్కువసేపు కేటాయించనక్కరలేదు. నేటి ఏ కోతీ మన తాత కాదు. మనకూ చింపాంజీకీ సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు, అక్కడి నుంచి రెండు శాఖలూ వేటికవే మారుతూ వచ్చాయి. ఒకే వరుసలో వంగిన కోతి నుంచి నిటారు మనిషి దాకా నడిచే ఆ పాత బొమ్మను మాత్రం గోడ మీద నుంచి తీసేసి, కొమ్మలు చీలే చెట్టు బొమ్మ పెట్టండి.

సమాధానం 3: సైన్స్ ఉపాధ్యాయిని, కర్నూలు జిల్లా

సామగ్రి లేదన్నారు కాబట్టి మేము చేసే ఆటను చెబుతాను. బెంచీ మీద పాత దినపత్రిక పరచి, అదే పత్రిక నుంచి కత్తిరించిన 20 ముక్కలు, అంతే పరిమాణంలో రంగు కాగితం ముక్కలు 20 చల్లుతాము. నలుగురు పిల్లలు “పక్షులై” తలొక ఐదు ముక్కలు, కంటికి ముందు ఏది కనిపిస్తే అది, గబగబా ఏరుతారు. మిగిలిన 20 ముక్కల్లో ప్రతిదానికీ అదే రకం ముక్క ఒకటి జత చేస్తే రెండో తరం మళ్లీ 40 అవుతుంది. చాలామంది ఏరడంతోనే ఆట ఆపేస్తారు. అప్పుడు పిల్లలకు మిగిలేది చావు మాత్రమే, సంతానం సంగతి తెలియదు. మూడు నాలుగు తరాల సంఖ్యలను నల్లబల్ల మీద పట్టికగా వేశాక, కింది దినపత్రికను తీసి రంగు కాగితం పరచి మళ్లీ ఆడిస్తాము. లెక్క తిరగబడుతుంది. ఆట అయ్యాక నేను అడిగేది ఒకటే ప్రశ్న: “ఇందులో రంగు మార్చుకున్న ముక్క ఏది?”

ఒక జాగ్రత్త. రంగు ముక్కలన్నీ మొదటి రెండు తరాల్లోనే అయిపోతే నేపథ్యం మార్చినా ఆట ముందుకు సాగదు. అలా జరిగినప్పుడు దాన్ని దాచకుండా చూపండి: వైవిధ్యం లేని చోట వరణానికి ఏరుకోవడానికే ఏమీ ఉండదు.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటి పీరియడ్‌లో కాగితం ముక్కల ఆట, రెండో పీరియడ్‌లో గులాబీ రంగు పురుగు చెకర్ బోర్డు, మూడో దానిలో మఖమలు గుడ్డ, పల్లేరు కాయ అనుకుంటున్నాను. లామార్క్‌ను ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. మనకు అలవాటైన వరుసలో ఆయనే ముందు వస్తాడు.

సమాధానం 2 రాసినవారు

చివర పెట్టండి మేడమ్. ముందు విన్న వివరణే పిల్లల మనసులో పాతుకుపోతుంది. పైగా లామార్క్‌ది వాళ్లకు సహజంగా తోచే వివరణ కూడా. ప్రకృతి వరణం చేతికి వచ్చాక, యూనిట్ పరీక్షలో వాళ్లు రాసిన ఆ పత్తి పురుగు జవాబులనే పేర్లు తీసేసి తిరిగి పంచి, ఏ వాక్యం లామార్క్‌ది, ఏది ప్రకృతి వరణాన్ని ప్రతిపాదించిన డార్విన్‌ది అని గీతలు గీయించండి.