పిల్లలే కూపీ లాగే మిస్టరీలు: ఏది ముందు, ఏది వద్దు

మెట్లబావి:
పాత ఇల్లు, పొగమంచు, ఊరి గుసగుసలు, ఇవన్నీ కథలో భాగమయ్యే మిస్టరీ నవలలు చెప్పండి. గుట్టు విప్పేది పిల్లలో కాలేజీ కుర్రాళ్లో అయ్యుండాలి. కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని యుగంధర్, రాజు తరహా డిటెక్టివ్‌లు వద్దు. ఇంగ్లీషైనా పర్లేదు.

అటకమీది_పెట్టె:
అయితే స్పానిష్ రచయిత కార్లోస్ రూయిజ్ జాఫోన్ ‘ద షాడో ఆఫ్ ద విండ్’ (2001). స్పానిష్ నుంచి లూసియా గ్రేవ్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం హాయిగా సాగుతుంది. 1945 బార్సెలోనా. పదేళ్ల డానియల్‌ని తండ్రి తెల్లవారుజామున ఎవరికీ తెలియని ఓ గ్రంథాలయానికి తీసుకెళ్లి, ఒక్క పుస్తకం ఎంచుకోమంటాడు. తీరా చూస్తే ఆ రచయిత పుస్తకాలన్నీ వెతికి వెతికి ఎవడో తగలబెడుతున్నాడు. సిరీస్‌లో నాలుగున్నాయి. ఏ వరసలోనైనా చదవొచ్చంటారు గానీ, అచ్చయిన వరసే నయం. మూడోది ముందు చదివితే రెండోదాంట్లో ఏది నిజం, ఏది భ్రమ అన్న సందేహం అక్కడికక్కడే చప్పబడిపోతుంది.

చింతచెట్టు:
అంత లావు పుస్తకానికి జడిసేవాళ్లు ఆయనదే ‘మరీనా’ అందుకోండి. ప్రతి నెలా చివరి ఆదివారం నల్లదుస్తుల్లో ఒకావిడ శ్మశానానికి వస్తుంది. ఆమె నిలబడే సమాధి మీద పేరుండదు, నల్ల సీతాకోకచిలుక బొమ్మ తప్ప. హాస్టల్ కుర్రాడు ఆస్కర్, మరీనా ఆవిడ వెంటపడతారు. రెండో సగంలో భయానకం పాలు బాగా ఎక్కువ. చిన్నపిల్లల చేతికివ్వకండి.

మెట్లబావి:
‘ద సీక్రెట్ హిస్టరీ’ ఎలా ఉంటుందండీ? ఎక్కడ చూసినా దాని పేరే.

చీకటిగది:
డోనా టార్ట్, 1992. చనిపోయిందెవరో, చంపిందెవరో మొదట్లోనే చెప్పేస్తుంది. ‘ఎవరు’ అని వెతుక్కుంటూ చదివితే విసుగే. గ్రీకు చదువుకునే ఆ నలుగురైదుగురు అంతదాకా ఎలా వచ్చారన్నదే పట్టు. హత్య సుమారు సగంలో జరుగుతుంది. ఆ తర్వాతంతా తాగుడు, భయం, ఒకరి మీద ఒకరికి అనుమానం. చాలామంది వదిలేసేది అక్కడే, నిజానికి అసలు కథ అక్కడే.

నన్నడిగితే దానికంటే ముందు షర్లీ జాక్సన్ ‘వి హేవ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ద కాజిల్’ (1962). చిన్న పుస్తకం, రెండు రాత్రుళ్లకి అయిపోతుంది. కథ చెప్పేది పద్దెనిమిదేళ్ల మెరికాట్. ఆరేళ్ల కిందట చక్కెర గిన్నెలో ఆర్సెనిక్ కలిసి ఇంట్లో నలుగురు పోయారు. చక్కెర వేసుకోని అక్క మీద కేసు పెట్టారు, కోర్టు వదిలేసింది. పోలీసులొచ్చేలోపే ఆ గిన్నె కడిగేసింది అక్కే. ఎందుకమ్మా అంటే, అందులో సాలెపురుగు ఉందట! విషం కలిపిందెవరో మీరు తొందరగానే పసిగడతారు, అది లోపం కాదు. మెరికాట్ ఏ మాట దగ్గర దాటేస్తోందో కనిపెడుతూ చదవండి.

అటకమీది_పెట్టె:
జవాబు దొరక్కపోయినా ఫర్వాలేదంటే జోన్ లిండ్సే ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ (1967). ఆస్ట్రేలియాలో 1900 ఫిబ్రవరి 14న బోర్డింగ్ స్కూలు అమ్మాయిలు కొండెక్కి మాయమవుతారు. గడియారాలు పన్నెండుకి ఆగిపోతాయి. నవలలో ఆ రోజు శనివారం, క్యాలెండర్ చూస్తే బుధవారం! అచ్చులో తీసేసిన చివరి అధ్యాయం ఆవిడ పోయాక 1987లో వచ్చింది. దాని జోలికి పోకండి. అన్ని పేజీలు పెంచిన దిగులంతా ఒక్క వివరణతో తేలిపోతుంది.

ఆదివారం_అబిడ్స్:
మన దేశం కథైతే దీపా ఆనప్పర ‘జిన్ పట్రోల్ ఆన్ ద పర్పుల్ లైన్’ (2020). బస్తీలో పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. టీవీలో పోలీసు షోలు చూసి ఆరితేరాననుకునే తొమ్మిదేళ్ల జై, పరి, ఫైజ్‌లతో కలిసి ఆరా తీస్తాడు. ఊరి నిండా కమ్మిన పొగ మీకు కావలసిన వాతావరణమే. పిల్లాడి గొంతు, హాస్యం చూసి పిల్లల పుస్తకమనుకోకండి, చివరికొచ్చేసరికి పెద్దవాళ్లకే గుండె బరువెక్కుతుంది.

మెట్లబావి:
ఇంట్లో పదేళ్ల పాప కూడా అడుగుతోంది. తెలుగులో ఏదైనా?

ఆదివారం_అబిడ్స్:
మిస్టరీ కంటే సాహసం పాలు ఎక్కువగానీ, చందమామలో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ ‘శిథిలాలయం’ ఇవ్వండి. శిఖిముఖి, విక్రమకేసరి ఇద్దరూ కుర్రాళ్లే. చందమామ చిత్రకారుడు ‘చిత్రా’ వేసిన బొమ్మలున్న ప్రతి దొరికితే మంచిది. నెలనెలా వచ్చింది కాబట్టి ప్రతి భాగం చివరా ఒక ముడి వేసి ఆపుతారు. ఏకబిగిన చదివేస్తే ఆ ముళ్లు పనిచేయవు, రాత్రికి ఒకటి, మహా అయితే రెండు భాగాలు చాలు.