ఓడ వేగం తొమ్మిది నాట్లకి తగ్గిస్తే నార్వాల్స్‌కి నిజంగా ఉపయోగమేనా?

భీమిలి_థర్డింజనీర్:

అందరికీ నమస్తే. బల్క్ క్యారియర్‌లో (ఖనిజంలాంటి సరుకు మోసే ఓడ) ఇంజనీరు పని నాది. పోయిన ఆగస్టులో కెనడా ఉత్తర కొసన, బాఫిన్ దీవిలోని మిల్న్ ఇన్‌లెట్‌కి ఇనుప ఖనిజం లోడింగ్‌కి వెళ్ళాం. ఎక్లిప్స్ సౌండ్‌లోకి (సౌండ్ అంటే ఇక్కడ చప్పుడు కాదు, నేలల మధ్య సముద్రపు పాయ) వచ్చేసరికి బ్రిడ్జి నుంచి ఫోను: తొమ్మిది నాట్లు (గంటకి దాదాపు 17 కిలోమీటర్లు) దాటొద్దు, ఇక్కడ నార్వాల్స్ ఉంటాయి అని. మూతి మీద బల్లెంలాంటి దంతం ఉండే తిమింగలాలు. నేనైతే ఒక్కటీ చూడలేదు. నా వాచ్ (డ్యూటీ) అంతా కింద ఇంజన్ రూములోనే కదా, పైకొచ్చి డెక్ మీద నిలబడ్డ గంటలో కూడా ఖాళీ నీళ్ళే.

నా డౌటు ఇది. తొమ్మిది నాట్లంటే మెయిన్ ఇంజన్ లోడు బాగా పడిపోతుంది. గాలి చాలక, ఇంజన్‌కి గాలి ఊదే ఆగ్జిలరీ బ్లోయర్లు వాటంతటవే ఆన్ అవుతాయి. వాటి కూతకి ఇయర్ మఫ్స్ పెట్టుకున్నా తల దిమ్మెక్కిపోతుంది. క్రిటికల్ ఆర్‌పీఎం (ఇంజన్ బాగా అదిరే తిరుగుడు వేగం) పక్కనే తిప్పుతున్నామని చీఫ్ ఇంజనీరు సణుగుడు ఒకటి. మాకు లోపల రొద పెరుగుతుంటే బయట నీళ్ళలో తగ్గుతుందా? కాగితం మీద చూపించుకోడానికి పెట్టిన రూలు కాదు కదా?

ఇంకోటి, ఓడ చప్పుడు 180 డెసిబెల్స్ అని ఎక్కడో చదివాను. జెట్ ఇంజన్ పక్కన నిలబడినా అంత ఉండదేమో!

హైడ్రోఫోన్_మాస్టారు:

బాబూ, విశాఖలో ముప్పై ఏళ్ళు నీళ్ళలోకి హైడ్రోఫోన్లు (నీటిలో పనిచేసే మైకులు) దించి ఓడల చప్పుడు విన్నవాణ్ణి. ముందు ఆ డెసిబెల్ గొడవ తేల్చేద్దాం, అందరూ పడే గుంట ఇదే. గాలిలో కొలతకి మూలం 20 మైక్రోపాస్కల్స్, నీళ్ళలో 1. దానికి తోడు నీటి సాంద్రత, అందులో శబ్దం పోయే వేగం. అన్నీ కలిపి నీటి లెక్కలోంచి 62 డెసిబెల్స్ దాకా తీసేస్తేగానీ గాలి లెక్కతో పోల్చకూడదు. పైగా నువ్వు చదివినది ఓడకి మీటరు దూరంలో ఇంత అని కట్టిన లెక్క. జెట్‌తో పోలిక అక్కడితో వదిలెయ్.

నీ బ్లోయర్ల కూత చాలావరకు గాలిలోదే, మీ చెవులకే ఆ బాధ. సముద్రంలోకి పోయే చప్పుడులో పెద్ద వాటా ప్రొపెల్లర్‌ది. రెక్క వేగంగా తిరిగినప్పుడు వెనక ఒత్తిడి పడిపోయి నీళ్ళు ఆవిరి బుడగలవుతాయి, వెంటనే చితికిపోతాయి. హైడ్రోఫోన్‌లో వింటే మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. స్పీడు తగ్గితే ఆ బుడగలు తగ్గుతాయి. మీది మామూలు ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని ప్రొపెల్లర్) అయితే తొమ్మిది నాట్లు మంచిదే. అదే రెక్కల కోణం మార్చే ప్రొపెల్లరై, ఆర్‌పీఎం అలాగే ఉంచి కోణం మాత్రం తగ్గిస్తే ఒక్కోసారి చప్పుడు పెరుగుతుంది కూడా. రూలు రాసేవాళ్ళకి ఈ తేడా అన్నిసార్లూ పట్టదు.

ఆర్కిటిక్‌లో ఇంకో చిక్కు ఉంది. పైపొరల్లో శబ్దం మామూలుగా చల్లటి నీటివైపు వంగుతుంది. మన బంగాళాఖాతంలో ఎండకి పైనీరు వేడెక్కుతుంది కాబట్టి కిందికి వంగిపోతుంది. అక్కడ చల్లదనం పైనే. అందుకని చప్పుడు పైపొరలోనే చిక్కుకుని, మంచు అడుగున తగిలి మళ్ళీ మళ్ళీ వంగుతూ చాలా దూరం పోతుంది. ఊపిరికోసం పైకొచ్చే జంతువులు తిరిగేదీ అక్కడే.

హాలిఫాక్స్_విజయనగరం:

మాస్టారు ఓడవైపు చెప్పేశారు కాబట్టి నేను జంతువులవైపు చెప్తాను, నా చదువు అదే.

అన్నా, మీరు డెక్ మీద నుంచి ఒక్కటీ చూడకపోవడం వింతేం కాదు. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కోర్స్‌బీ సౌండ్‌లో నార్వాల్స్‌కి రికార్డర్లు తగిలించి, సర్వే ఓడని వాటి దగ్గరకి నడిపించి చూశారు. తిండి పట్టేముందు అవి చేసే గబగబ క్లిక్కులు ఓడ 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడే సగానికి పడిపోయాయి. 7-8 కిలోమీటర్లకి దాదాపు ఆగిపోయాయి. 40 కిలోమీటర్ల దూరంలోనే తేడా మొదలైంది. అక్కడ ఓడతోపాటు ఎయిర్‌గన్ (సర్వే కోసం నీళ్ళలో గాలిని పేల్చే యంత్రం) కూడా వాడారు కాబట్టి అదే అంకె మీ ఓడకి అతికించకూడదు. కానీ ఆ దూరంలో మీకు అవి కనబడవు, మీరు వాటికి వినబడతారు.

1980ల్లో కెనడా ఆర్కిటిక్‌లోని లాంకాస్టర్ సౌండ్‌లో చేసిన గమనింపు నాకు మరీ ఇష్టం. ఐస్‌బ్రేకర్ (మంచు పగలగొట్టే ఓడ) ఇంకా 35 నుంచి 50 కిలోమీటర్ల దూరంలో ఉండగానే బెలూగాలు (తెల్ల తిమింగలాలు) మందలు మందలుగా పారిపోయాయి. నార్వాల్స్ పారిపోలేదు, కొయ్యబారిపోయాయి. మెల్లగా మునిగి, నోరు మూసుకుని కదలకుండా ఉండిపోయాయి. కదలట్లేదు కాబట్టి భయం లేదనుకుంటే మనం మోసపోయినట్టే.

మీరు వెళ్ళిన చోటి సంగతి: విమానంలోంచి లెక్కపెడితే ఎక్లిప్స్ సౌండ్‌లో వేసవి నార్వాల్స్ 2004లో సుమారు 20 వేలు, 2021లో 2,600. ఖనిజం ఓడలు మొదలైంది 2015లో. ఓడలే కారణమా, కిల్లర్ వేల్స్ తరిమాయా, పక్కనున్న అడ్మిరాల్టీ ఇన్‌లెట్‌కి తరలిపోయాయా అని వాదన నడుస్తూనే ఉంది. అక్కడి పాండ్ ఇన్‌లెట్ ఊరి వేటగాళ్ళకి మాత్రం అది వాదన కాదు, తిండి. 2021 ఫిబ్రవరిలో ఆ ఖనిజం తవ్వే గని విమానాల రన్‌వేకి అడ్డంగా కూర్చున్నారు. గని ఉత్పత్తి రెట్టింపు చేసే ప్లాన్‌కి 2022 నవంబరులో ప్రభుత్వం ఒప్పుకోలేదు.

కాకినాడ_కుర్రాడు:

మంచు పగిలే చప్పుడే పిడుగులా ఉంటుందంటారు. పుట్టినప్పటి నుంచీ అది వింటున్న వాటికి ఓడ ఓ లెక్కా?

హాలిఫాక్స్_విజయనగరం:

మంచు చప్పుడు పగిలిన కాసేపే తమ్ముడూ. ఓడది గంటల తరబడి. మన ఊళ్ళో పిడుగుకి అలవాటైనవాడు కిటికీ పక్కన జనరేటర్ పెడితే నిద్రపోతాడా? ఈ తర్కం తొమ్మిది నాట్ల రూలుకీ తగులుతుందిలెండి. నెమ్మదిగా వెళ్తే చప్పుడు చిన్నదే, కానీ అంతకంత సేపు సాగుతుంది. ఓడల్ని వరసగా ఒకేసారి పంపించి, మిగతా గంటలు ఖాళీగా వదిలేస్తే మేలని నా అభిప్రాయం.

భీమిలి_థర్డింజనీర్:

జనరేటర్ అనగానే గుర్తొచ్చింది. లోడింగ్ వంతు కోసం రాగెడ్ ఐలాండ్ దగ్గర మూడు రోజులు లంగరేశాం. మెయిన్ ఇంజన్ ఆఫ్, జనరేటర్లు రెండూ రాత్రింబవళ్ళూ ఆన్. ఓడ ఆగింది కాబట్టి చప్పుడు లేదనే అనుకున్నాం అందరం. అది నీళ్ళలోకి పోతుందా మాస్టారూ?

హైడ్రోఫోన్_మాస్టారు:

పోతుంది. అది గాలి చప్పుడు కాదు, జనరేటర్ దిమ్మ మీంచి హల్‌లోకి (ఓడ ఒంటిలోకి) దిగే అదురు. కింద రబ్బరు మౌంటింగులు ఉన్నాయా? ఉంటే ఎన్నేళ్ళవి?

భీమిలి_థర్డింజనీర్:

ఉన్నాయి. ఒకటి చిట్లి ఉందని హ్యాండోవర్ నోట్స్‌లో నేనే రాసి వచ్చాను, స్పేర్ రాలేదని. ఇప్పుడున్న థర్డ్ ఇంజనీరుకి ఇవాళే మెసేజ్ పెడతా.