అప్‌డేట్: అక్వేరియం పైన బరువు లైటు, స్లాబుకే బిగించాం

నాలుగడుగుల అక్వేరియం పైన 9 కిలోల ఎల్‌ఈడీ లైటుని ఫాల్స్ సీలింగ్‌కి వేలాడదీయొచ్చా అని అడిగాను కదా. వద్దని గట్టిగా చెప్పిన అందరికీ థాంక్స్. ఫాల్స్ సీలింగ్‌లోని జిప్సం బోర్డుని నమ్మి అంత బరువు వేలాడదీయకూడదు.

ఎలక్ట్రీషియన్ ఆ బోర్డుకి కన్నం పెట్టి, స్లాబులో కరెంటు పైపులు ఎటు పోతున్నాయో చూసుకుని, రెండు 8 ఎం.ఎం. యాంకర్ ఫాస్టెనర్లు (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులు) స్లాబుకి బిగించారు. వాటి నుంచి స్టీలు వైర్లు. మీలో ఒకరు చెప్పినట్టు, వాటితో సంబంధం లేకుండా మూడో ఫాస్టెనర్ వేయించి, దానికి ఇంకో వైరు కాస్త వదులుగా కట్టించాను. ఏది ఊడినా లైటు నీళ్లలో పడదు. నాకు అన్నిటికన్నా నచ్చిన సలహా ఇదే, బరువు లైటున్న ప్రతివాళ్లూ చేయించుకోండి.

డ్రిల్లింగ్ అయ్యేదాకా తొట్టి మీద పాలిథిన్ కప్పి, సిమెంటు దుమ్ము లాగకుండా ఎయిర్ పంపు ఆపేశాం. కరెంటు వైరు సాకెట్ కంటే కిందికి వంగి మళ్లీ పైకెళ్లేలా వదిలాం, నీళ్లు జారినా ప్లగ్గులోకి పోవు. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) కూడా పెట్టించాను.

లైటు ఇప్పుడు నీటికి అడుగు ఎత్తులో ఉంది. నాచు ఎక్కువైతే ఇంకాస్త పైకి లేపుతాను.