పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ: 300 ఎక్కువ పెడితే ఆరు రెట్లు స్పీడ్ వస్తుందా?

కూకట్‌పల్లి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా చెల్లి డిగ్రీ చదువుతోంది. తన ల్యాప్‌టాప్ 2017లో కొన్నది, లోపల 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకొని వచ్చినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. వచ్చే నెల ప్రాజెక్ట్ ఇవ్వాలని టెన్షన్ పడుతోంది. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌ల మీదే డేటా దాచేది) వేద్దామనుకుంటున్నాను. అందులో కంప్యూటర్‌కి కలిపే పద్ధతిని బట్టి సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయట. ఆన్‌లైన్‌లో చూస్తే సాటా 500 జీబీ 3,600, ఎన్‌వీఎంఈ 500 జీబీ 3,900, ఎన్‌వీఎంఈ 1 టీబీ 6,400 ఉన్నాయి. ఎప్పుడూ పేరు వినని కంపెనీది 2 టీబీ పోర్టబుల్ 1,499కే వస్తోంది. సాటాకి సెకనుకు 550 ఎంబీ, ఎన్‌వీఎంఈకి 3,500 అని రాశారు. 300 రూపాయలకే ఆరు రెట్లు స్పీడ్ అంటే రెండోదే తీసుకోవాలి కదా?

సికింద్రాబాద్ నుంచి జవాబు:
తమ్ముడూ, ఆర్డర్ ఇప్పుడే పెట్టకు. ముందు ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుందో చూడు. ఆ కాలం మోడళ్లలో కొన్నింటికి హార్డ్ డిస్క్ పెట్టే 2.5 అంగుళాల చోటు ఒక్కటే ఉంటుంది. కొన్నింటికి ఎం.2 స్లాట్ (సన్నని కార్డులా ఉండే ఎస్‌ఎస్‌డీ దూరే చోటు) కూడా ఉంటుంది కానీ అది సాటా రకం కార్డునే గుర్తిస్తుంది. అందులో ఎన్‌వీఎంఈ చక్కగా దూరుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, కంప్యూటర్‌లో మాత్రం కనపడదు. కాబట్టి స్లాట్ ఆకారం చూసి నమ్మొద్దు. అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, దానితో సర్వీస్ మాన్యువల్ వెతికి ఎం.2 దగ్గర ఏం రాశారో చదువు.

ఇక స్పీడ్ సంగతి. ఆ 3,500 అనేది ఒకే పెద్ద ఫైల్‌ని వరసగా చదివినప్పటి లెక్క. విండోస్ లేవడానికి, బ్రౌజర్ తెరుచుకోవడానికి వేల చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి చదవాలి. హార్డ్ డిస్క్‌లో ఆ ప్రతి ముక్క కోసం లోపలి ముల్లు కదలాలి, అందుకే సెకనుకు ఒక్క ఎంబీ రావడం కూడా కష్టం. సాటా ఎస్‌ఎస్‌డీ అదే పనిలో 30, 40 ఎంబీ ఇస్తుంది. ఎన్‌వీఎంఈ దాన్ని దాటుతుంది కానీ ఆరు రెట్లు కాదు. మీ చెల్లికి కళ్లకు కనపడే తేడా హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారడంలోనే ఉంది.

ధర పోల్చేటప్పుడు జీబీకి ఎంత పడుతుందో చూడు. మొదటిది 7.20, రెండోది 7.80, మూడోది 6.40. స్లాట్ ఎన్‌వీఎంఈ తీసుకుంటే మూడోదే మేలు. అందులో కూడా టీబీడబ్ల్యూ అంకె చూడకుండా కొనొద్దు. వారంటీ కాలంలో ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో చెప్పే అంకె అది. రోజుకు 30 జీబీ రాసినా 200 టీబీడబ్ల్యూ దాటడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది కనుక ఆయుష్షు గురించి భయం అక్కర్లేదు. లోపల ఏ రకం చిప్ పెట్టారో అమ్మేవాళ్లు చాలాసార్లు రాయరు, ఈ అంకె దాన్ని పట్టిస్తుంది. 1 టీబీకి 600 దగ్గర ఉంటే సాధారణంగా టీఎల్‌సీ (చిప్‌లో ఒక్కో గడిలో మూడు బిట్లు దాచే రకం), 200 దగ్గర ఉంటే క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచే రకం).

మల్కాజిగిరి నుంచి:
అన్నయ్య గారు చెప్పిన చివరి మాట నాకు అనుభవమేనండీ. చవగ్గా వచ్చిందని ఒక క్యూఎల్‌సీ కొన్నాను. అమ్మాయి డాన్స్ వీడియోలు 180 జీబీ ఒకేసారి కాపీ పెట్టాను. మొదట్లో పట్టీ జరజరా పరిగెత్తింది, నలభై జీబీ దాటాక సెకనుకు 80 ఎంబీకి పడిపోయి అక్కడే నిలిచింది. కాష్ (ముందు వేగంగా రాసుకునే చిన్న భాగం) నిండితే అంతేనట. పాత హార్డ్ డిస్క్ కూడా అంతకంటే వేగంగా రాసేది. చదువుకునే పిల్లలకి ఇబ్బంది ఉండదు, వీడియో పని చేసేవాళ్లు మాత్రం టీఎల్‌సీయే తీసుకోండి.

మెహిదీపట్నం నుంచి:
కొత్తదని పంపిన డ్రైవ్‌లో నాకు నాలుగు వేల గంటలు వాడినట్టు కనిపించింది! క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పెట్టె విప్పిన రోజే అందులో పవర్ ఆన్ గంటలు చూడండి. నేను విప్పుతున్నప్పుడు వీడియో తీసి ఉంచాను కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. జీఎస్‌టీ బిల్లు లేనిది, అమ్మేవాళ్ల పేరు తెలియనిది వంద తగ్గినా వద్దు.

కూకట్‌పల్లి నుంచి:
చాలా థ్యాంక్స్ అందరికీ. మరి ఆ 1,499ది? ఫొటోలు దాచుకోవడానికైనా పనికొస్తుందా?

సికింద్రాబాద్ నుంచి:
ఫొటోల కోసమైతే అసలే వద్దు తమ్ముడూ. జీబీకి 75 పైసలు పడుతోంది, మిగతావన్నీ ఆరు రూపాయల పైన ఉన్నాయి. ఇలాంటివి విప్పి చూస్తే లోపల చిన్న మెమరీ కార్డు అతికించి ఉంటుంది. 2 టీబీ అని చూపించేలా మార్చి పెడతారు. అసలు సైజు నిండాక కాపీ అయినట్టే కనిపిస్తుంది, తర్వాత తెరిస్తే ఫైళ్లు ఉండవు. అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు అలా పోతే మళ్లీ ఎక్కడి నుంచి తెస్తాం?

కూకట్‌పల్లి నుంచి, వారం తర్వాత:
మాన్యువల్ చూశాను అన్నా, మా దాంట్లో ఎం.2 స్లాటే లేదు. 3,900 పెట్టి ఉంటే పెట్టె తిరిగి పంపాల్సి వచ్చేది. ప్యారడైజ్ మెట్రో దగ్గర దిగి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. టీఎల్‌సీ సాటా 500 జీబీ ఆన్‌లైన్ రేటుకే ఇచ్చారు, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకున్నాను. పాత డిస్క్‌లో సామాను 210 జీబీయే, అంతా పట్టింది. ఇప్పుడు చెల్లి బటన్ నొక్కి కుర్చీ జరుపుకొని కూర్చునేలోపు పాస్‌వర్డ్ అడుగుతోంది. విండోస్‌లో 465 జీబీయే చూపిస్తోంది, మోసం కాదు కదా?

సికింద్రాబాద్ నుంచి:
కాదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1,024తో లెక్కేస్తుంది, అంతే. పాత డిస్క్‌ని ఇప్పుడే ఫార్మాట్ కొట్టకు. చెల్లి ప్రాజెక్ట్ ఇచ్చేదాకా అలాగే బీరువాలో పెట్టు, తర్వాత యూఎస్‌బీ కేస్ కొని బ్యాకప్‌కి వాడుకోండి.