సెకండ్ హ్యాండ్ పీఎస్5 డిస్క్ డ్రైవ్ కొనేముందు షాపులో ఏమేం చూడాలి?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో వాడిన పీఎస్5 (ప్లేస్టేషన్ 5) స్లిమ్ డిజిటల్ ఎడిషన్ (డిస్క్ డ్రైవ్ లేకుండా వచ్చే గేమ్ కన్సోల్), విడిగా డిస్క్ డ్రైవ్ కొనాలని ఉంది. డ్రైవ్ బిగించాక ఒకసారి నెట్‌కి కలిపి పెయిర్ చేయాలని (అంటే ఆ డ్రైవ్‌ని కన్సోల్‌తో జత చేయాలని) తెలుసు. (2013లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్‌కి 24 గంటలకోసారి నెట్ చెక్ అన్నప్పుడు గేమర్లు చేసిన గోలకి జూన్‌లోనే వెనక్కి తగ్గింది. ఇప్పుడు ఈ పెయిరింగ్‌కి అంత గోల లేదు!)

వేరే కన్సోల్‌తో ముందే పెయిరైన డ్రైవ్ నా దాంట్లో పనిచేస్తుందా? అమ్మేవాళ్ల వైపు నుంచి ఏమైనా తీసేయించాలా? వాడినవాళ్లే చెప్పండి, షాపువాళ్ల మాట కాదు.

పాత గేమ్ డిస్కులో ఆట మొత్తం ఉందో లేదో తెలుసుకోవడానికి నా పరీక్ష ఇది: వైఫై ఆపి, గేమ్ కన్సోల్‌లో లేకుండా చూసుకుని, డిస్క్ పెట్టి, ఇన్‌స్టాల్ పూర్తయ్యాక మెనూ దాటి ఆట మొదలవుతుందా చూడటం. కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 (2022) డిస్కులో ఉన్నది 100 ఎంబీ కూడా లేదు, మిగతాదంతా డౌన్‌లోడే. ఇలాంటి డిస్కులు ఇంకేవున్నాయి? పీజీ వైఫైతో అంత డౌన్‌లోడ్ కష్టం.

ఇంకొకటి, నింటెండో స్విచ్ 2 గేమ్ కీ కార్డులు (లోపల గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి కీ మాత్రమే) ఇక్కడి షాపులు తిరిగి కొంటున్నాయా? కార్డు చేతులు మారినా ఆడొచ్చు కాబట్టి అడుగుతున్నా.